తిరుగు ప్రయాణంలోను వెంటనే



తోబీతు గ్రంథంలో తోబియా రఫాయేలు దూతతో ప్రయాణమైనపుడు ఒక కుక్క కూడ వెంట వెళ్ళింది. తిరిగి వచ్చేపుడును అది వారి వెంటనే ఉంది.

మన చండ్రుగొండకు ఆవల భద్రాచలం అడవులలో మందుపాతరలు వెదకిన జవానులకు ముందు నడిచింది పోలీసు జాగిలమే. సేవకు పనికిరాని శునకాలను సైన్యం చంపివేస్తున్నట్లు 2015లో బయటపడింది. జనం నొచ్చుకోగా ఆ పద్ధతి మారింది. ఇపుడు మీరట్‌లో వాటికి విశ్రాంతి గృహం ఉంది. కుటుంబాలకు దత్తతకు కూడ ఇస్తున్నారు.

మీకు వాకిలి, ఓపిక ఉంటే అలాంటి ముసలి ప్రాణిని ఇంటికి తెచ్చుకోండి. మరల కాపలాకు కట్టివేయడానికి కాదు, సేదతీర్చడానికి.

పని తీరిన ప్రాణిని గడప వెలుపలే నిలిపే ఇంట్లో రేపు మన ముసలితనానికి చోటెక్కడిది? సర్వేశ్వరుడు మనలను పనినిబట్టి ప్రేమించలేదు.