తూములోని అక్షరములు

జన్వాడ పరిసరములలో, మొయినాబాదు మండలమునకు చెందిన ఎనికేపల్లి చెరువు తూమునకు అమర్చిన రెండు రాతి స్తంభములను 2023లో పురావస్తు పరిశోధకులు గుర్తించిరి. నాలుగు ముఖములందును ధ్యానమగ్నులైన జైన తీర్థంకరుల మూర్తులు కలవు. క్రీ.శ. 9, 10 శతాబ్దముల నాటివని వారి నిర్ణయము. తెలుగు-కన్నడ లిపిలో శాసనములును ఉన్నవి గాని, స్తంభములు గోడలో ఇమిడియుండుటచే అక్షరములు పూర్తిగా కానరాలేదు.

ఇట్టివానిని కాపాడుటకు గ్రామీణ చరిత్ర సంఘమువారు సాయము కోరినచో శరణులు ఏమనవలెను? బసవన్న స్థావరముకన్న జంగమమునకు పెద్దపీట వేసినవాడు గదా, రాళ్లతో మనకేమి పని అని కొందరందురు. పైగా అవి జైనుల రాళ్లు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున జైనులు ప్రతిపక్షులుగానే కనిపింతురు.

మొదటి ఆక్షేపణకు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి జీవితమే సమాధానము. విజాపురమున న్యాయవాదియైన ఆయన ఇంటింట తాళపత్రములు వెదకి వచనములను సేకరించి, 1923లో వచన శాస్త్రసారమును వెలువరించెను. శరణుల వాక్కు జంగమమే. అయినను అది మనవరకు నడచివచ్చినది పురుగు తినగా మిగిలిన తాటాకులమీదనే. అటకమీది ఆ కట్టలను ఎవరును విప్పకుండిన ఆ వాక్కు అచ్చటనే నిలిచిపోయెడిది. శాసనమును అంతే. చదువువాడు లేనంతవరకే అది స్థావరము.

రెండవ ఆక్షేపణ మరింత చిక్కైనది. మన పెద్దలు వాదించిన పరమతస్థుల మాటను వారి నోటనే వినుటకు మనము జంకనేల? ఎదుటివాని సాక్ష్యమును గోడలో పూడ్చి గెలిచితిమనుట న్యాయము కాదు.

అట్లని ఆ స్తంభములను తూమున నిలిపినవారిని నిందింపరాదు. పొలమునకు నీరు పారించుటయు కాయకమే. ఒక విధముగ ఆ తూమే వానిని ఇంతకాలము కాచినది. నేడు పెరికి నగరమునకు తరలించిన ఊరికి ఒరుగునదేమి?

కొమర్రాజు లక్ష్మణరావుగారి పేర హైదరాబాదున వెలసిన పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనములను అచ్చొత్తించెను. ఊరూర నకళ్లు తీసిన ఓర్పు దాని వెనుక ఉన్నది. తడిపిన కాగితమును రాతిపై అద్ది, కుంచెతో మెత్తగా కొట్టి, సిరా పట్టించిన చాలు, అక్షరము కాగితమున దిగును. వేసవిలో నీరు తగ్గినపుడు, తూము మరమ్మతు చేయు మేస్త్రీతో ఒక మాట చెప్పి ఆ ముఖమును బయల్పరచుకొనవచ్చును. సంఘము అడుగునది ఇంతే: రెండు దినముల శ్రమ, ఆ రాతిపై సున్నము పడకుండ చూచు ఒక మనిషి, ఊరిలోనే నాలుగడుగుల అరుగు.