అరువు కట్ట

పేకాటలో ముక్కలు పడకపోతే పంచినవాణ్ణి తిట్టుకోవచ్చు, కూర్చున్న దిక్కుని తిట్టుకోవచ్చు, వెనక నిలబడి చూస్తున్నవాణ్ణి తిట్టుకోవచ్చు. కట్ట అందరిదీ కాబట్టి ఆ సౌకర్యం ఉంది. మేజిక్: ది గేదరింగ్ అనే ఆటలో అది లేదు. ఎవరి కట్ట వాళ్ళే ఇంటి దగ్గర తయారుచేసుకుని తెచ్చుకోవాలి. కనీసం 60 కార్డులు. బేసిక్ ల్యాండ్స్ తప్ప ఏ కార్డైనా నాలుగుకి మించకూడదు. ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య మార్చుకోడానికి పక్కన ఇంకో 15, దాన్ని సైడ్‌బోర్డ్ అంటారు. 1993 నుంచి ఇప్పటిదాకా వచ్చిన పాతిక వేలకు పైగా కార్డుల్లోంచి ఈ 75 ఏరుకోవాలి. అంటే సగం ఆట బల్ల ముందు కూర్చోకముందే అయిపోతుంది.

ఆ సగాన్ని నేను ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకున్నాను. ఎమ్మెస్ చదివే రోజుల్లో, 2013లో, ఈ ఆట ఆడేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక మానేశాను. పోయినేడు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, ఈ మధ్య టోర్నమెంట్లలో గెలిచిన లిస్టులు చూసి, ఒకటి ఎంచుకుని, అందులో ఉన్నవన్నీ ఉన్నట్టే కొన్నాను. పోటీకి తిరిగొచ్చేవాడికి ఇంతకంటే తెలివైన దారి లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. పన్నెండేళ్ళలో వచ్చిన వేల కార్డులు చదివే తీరిక ఎవరికుంది?

డాలస్ దగ్గర మేం ఆడే షాపుకి నాకంటే ఐదారేళ్ళు పెద్దాయన, అప్పట్నుంచీ తెలిసినాయన ఒకరు వస్తారు. అన్నా అని పిలుస్తాను. ఆయన కట్టలన్నీ సొంత తయారీ, ఎక్కువసార్లు ఓడిపోతాయి. ఒక శుక్రవారం నా చేతిలో వరసగా రెండాటలు ఓడి, కార్డులు సర్దుకుంటూ అడిగాడు: “తమ్ముడూ, నేను ఓడింది నీ చేతిలోనా, ఆ లిస్టు చేతిలోనా?”

డబ్బు సంగతి ముందే పక్కన పెట్టేస్తాను. మోడర్న్ లాంటి ఫార్మాట్‌లో అయితే మంచి కట్టకి వందల డాలర్లు అవుతాయి, అక్కడ ఈ ప్రశ్నలో పర్సు బరువు కూడా కలుస్తుంది. మేం ఆడేది పాపర్. కామన్ కార్డులతోనే ఆడాలి, ఇద్దరికీ దాదాపు అంతే ఖర్చు. కాబట్టి అన్న అడిగింది అచ్చంగా నైపుణ్యం గురించే.

రమ్మీ జూదమా కాదా అన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1960ల్లో. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో ప్రధానమైనది నైపుణ్యమే అంది కోర్టు. ఆ లెక్కన చేతిలోకి వచ్చినదాంతో ఏం చేశావన్నదే ఆట. నా మొదటి వాదన అదే. పద్యనాటకం ఉదాహరణ కూడా చెప్పాను. రాయబారం సీన్లో పద్యం తిరుపతి వెంకట కవులది. పాడేవాడు రాయలేదని చివరి వరసలో కూర్చున్నవాడికీ తెలుసు. అయినా వన్స్‌మోర్ మాత్రం పాడినవాడికే.

“పద్యం ఎవరిదో తెలుసు కదా. నీ లిస్టు ఎవరిది?” అన్నాడు అన్న.

లిస్టు పైన ఒక పేరుంది. కానీ ఆ పేరు దాంతో గెలిచినవాడిది. అతను ఎవరి దగ్గర తీసుకున్నాడో, వాళ్ళు ఎవరి దగ్గర తీసుకున్నారో తెలీదు.

నా ఉద్యోగంలో దీనికి ఒక జవాబుంది. కోడ్ ఎక్కడినుంచి తెచ్చావని రివ్యూలో పెద్దగా పట్టించుకోరు, ఈ లైను ఎందుకుందో చెప్పమంటారు. చెప్పగలిగితే అది నీ బాధ్యత కిందికి వచ్చినట్టే. అలాగే నేనూ లిస్టులో ప్రతి అంకెనీ ఎందుకని అడుగుతూ పోయాను. 60లో 24 ల్యాండ్లు ఉంటే, మొదటి ఏడు కార్డుల్లో ఒకటో, అసలు లేకపోవడమో జరిగేది నూటికి 14 సార్లు. 20కి తగ్గిస్తే దాదాపు 25 సార్లు. మరి చవకైన కార్డులే నిండిన నా ఎర్ర కట్టలో అంత తక్కువ ల్యాండ్లు ఎందుకు? ఒక్క ల్యాండుతో కూడా అది ఆడగలదు కాబట్టి. లైట్నింగ్ బోల్ట్‌కి ఒక్క ఎర్ర మానా చాలు, అవతలివాడి 20 ప్రాణాల్లో మూడు పోతాయి. నాలుగు బోల్టులు పెడితే మొదటి చేతిలో కనీసం ఒకటి ఉండే అవకాశం నూటికి 40. ఇవన్నీ లెక్కకి దొరికాయి. సైడ్‌బోర్డ్‌లో ఒక కార్డు మూడే ఎందుకుంది, నాలుగు ఎందుకు లేదు అన్నదగ్గర మాత్రం లెక్క ఆగిపోయింది. అది ఎవరో నాలుగు పెట్టి ఓడి, రెండు పెట్టి ఓడి, మూడు దగ్గర ఆగిన సంగతి. ఎన్నిసార్లు ఓడారో లిస్టులో రాయరు.

నాకు నచ్చని నిజం ఇక్కడే ఉంది. నేను కాపీ కొట్టింది 75 పేర్లు కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ వందల ఓటములు. వాటిలో ఒక్కటీ నేను పడలేదు. అన్న మాత్రం ప్రతి వారం పడుతున్నాడు. అతని కట్టల్లో నూటికి తొంభై ఎందుకూ పనికిరావు, ఆ మాట మొహం మీదే చెప్తాను. మిగతా పదీ ఎప్పుడో ఎవరి లిస్టులోనో తేలతాయి, అప్పుడు వాటిని నాలాంటివాడే కొంటాడు. అందరం చెరువులో నీళ్ళు తోడుకునేవాళ్ళమే అయితే పూడిక తీసేది ఎవరు? ఎదుటివాడికి నేను అన్యాయం చేయలేదు. పోటీ అని రాసి ఉన్నచోటికి ఇద్దరం తెలిసే వచ్చాం. బాకీ ఉంటే అది ఈ పూడిక తీసేవాళ్ళకి.

రిచర్డ్ గార్‌ఫీల్డ్ ఈ ఆటని తయారుచేసినప్పుడు, ఒక్కొక్కరూ ఇన్నిన్ని కార్డులు కొంటారని అనుకోలేదు. ఏయే కార్డులున్నాయో ఎవరికీ పూర్తిగా తెలియకుండా, ఎదుటివాడు వేస్తేనే మొదటిసారి చూసే ఆట అది. ఇప్పుడు నాలాంటి ఇద్దరు కూర్చుంటే మూడో టర్నుకల్లా అవతలి 60 కార్డులూ ఒకరికొకరం చెప్పేయగలం. ఆట బాగానే ఉంటుంది, కార్డు చదవాల్సిన పని మాత్రం రాదు.

మొన్న అన్న ఒకటి వేస్తే చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాను. ఆ ఆట కూడా నేనే గెలిచాను, కానీ బొటాబొటిగా. ఇంటికొచ్చి వెతికితే గెలిచిన ఏ లిస్టులోనూ ఆ కార్డు కనబడలేదు. నా సైడ్‌బోర్డ్‌లో రెండు తీసేసి దానికి చోటివ్వాలా అని లెక్కలేస్తున్నాను. ఇస్తే, ఆ లిస్టు ఎవరిదని ఎవరైనా అడిగితే ఎవరి పేరు చెప్పమంటాడో అన్నని అడగాలి.