విసిరిన చోటికి నడిచి వెళ్ళడం

డిస్క్ గోల్ఫ్ అని ఒక ఆట ఉంది. చేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ళని దూరంగా ఉన్న గొలుసుల బుట్టలోకి విసరాలి. పడిన చోటికి నడిచి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ విసరాలి. దీనికోసం 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో శాశ్వత మైదానం వెలిసింది. బుట్టలు రాకముందు చెట్లకీ స్తంభాలకీ గురి చూసేవాళ్ళు. ఊరూరి మైదానాల్లో ఆడటానికే కార్లేసుకుని తిరిగేవాళ్ళు అక్కడ ఎందరో.

ఈ ఆట మనకి కొత్తదేం కాదు. తొక్కుడుబిళ్ళలోనూ పెంకుముక్క విసిరి, దాని దగ్గరికే వెళ్తాం. తేడా అంతా దూరంలోనే ఉంది. మన బిళ్ళ గీసిన గడి దాటితే అవుట్. గచ్చకాయలు, వామనగుంటలు, అష్టాచెమ్మా అన్నీ అరుగు మీద ఇమిడిపోయే ఆటలే. బిళ్ళంగోడు మాత్రం వీధంతా కావాలంటుంది. అది మగపిల్లలది.

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు, అక్కణ్ణుంచి మంగినపూడి తీరం దాకా రెండు రోజులు ఈ బిళ్ళ ఆడుకుంటూ వెళ్దామని నలుగురు స్నేహితులం అనుకున్నాం. బుట్టలుండవు కనుక కాలవగట్ల మీది చెట్లే గురి. చెప్పిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "ఎందుకు?" 2016లో కృష్ణా పుష్కరాలకి వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. పెళ్ళికో, ఆసుపత్రికో, గుడికో అయితే కారణం ముందే సిద్ధంగా ఉంటుంది. ఆటకీ ఒక మినహాయింపుంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయింది. పతకం తెచ్చే ఆటకోసం ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. ఏమీ తేని ఆట మాటేమిటి?

ముంబయి మీద పరిశోధించి 2011లో 'వై లాయిటర్?' రాసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే అడిగింది ఇదే: పనేమీ లేకుండా బయట ఉండే హక్కు. కారణం చూపిస్తేనే దొరికేది అనుమతి అవుతుంది గానీ హక్కు కాదు.

అయితే ఇక్కడే ఇంకో చిక్కుంది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. కానీ ఛార్జీ పోయినంత మాత్రాన తీరిక రాదు. దేశవ్యాప్తంగా 2024లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. మనం రెండు రోజులు వెళ్తే ఆ నిమిషాలు ఎవరి మీద పడతాయి? పనిమనిషి మీదా? అత్తగారి మీదా? అలా అయితే మన స్వేచ్ఛ ఇంకో స్త్రీ వెన్ను మీద ఎక్కి చేసే ప్రయాణమే.

మనం వెళ్ళే దారిలోనే, తెల్లవారకముందే ఆటోల్లో నాట్లకి వెళ్ళే కూలీ స్త్రీలు ఎదురవుతారు. రోడ్డు వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. వాళ్ళకి కరువైంది కూలి పోని ఒక ఖాళీ పూట.

అందుకని ప్రయాణం మానుకోవాలనను. త్యాగం మనకి కొత్త కాదు, దానివల్ల ఆ కూలీ స్త్రీకి ఒరిగేదీ లేదు. ప్రణాళికలో దారి, బస, మరుగుదొడ్లున్న చోట్లు రాసుకున్నట్టే, ఆ రెండు రోజులూ వంట ఎవరిదో కూడా రాసుకోవాలి. ఆ వరసలో ఇంట్లో మగవాళ్ళ పేరు లేకపోతే ప్రణాళిక పూర్తికానట్టే. ఇక "ఎందుకు?" అన్న ప్రశ్నకి ఆడుకోవడానికి అని చెప్తే చాలు. అంతకంటే గౌరవమైన కారణం వెతకక్కర్లేదు.