ఆప్షన్ల రాత్రి

మా నిజామాబాద్‌లో పెళ్లికి పోకపోయినా ఎవరూ నొచ్చుకోని కారణం ఒకటుంది: ఇంట్లో పిల్ల ఇంటర్ సెకండియర్. బతుకమ్మకు ఊరికి పోకపోయినా, మేనత్త ఇంట్లో ఒడిబియ్యానికి మొహం చాటేసినా ఆ ఒక్క మాటతో అందరూ తల ఊపుతారు. కొందరు కేబుల్ తీయించేస్తారు. చుట్టాలొస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు, లోపలి గదిలో ఎవరికో జ్వరమున్నట్టు. మా అమ్మాయిది ఇప్పుడు ఎంపీసీ సెకండియర్. మేం కేబుల్ తీయించలేదు గానీ గొంతులు మాత్రం తగ్గాయి.

ఈ ఏడాదిని బతుకు లెక్కలోంచి తీసి పక్కన పెట్టడం నాకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. "ఈ ఒక్క సంవత్సరం కష్టపడు, తర్వాత నీ ఇష్టం" అని పదో తరగతిలోనూ అన్నాం. మళ్లీ ఇప్పుడంటున్నాం. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ప్లేస్‌మెంట్ల ముందు ఇంకోసారి అంటాం. పదిహేడేళ్ల వయసు ఒక్కసారే వస్తుంది, దాన్ని రాబోయే వయసుకు అడ్వాన్సుగా కట్టేస్తున్నాం.

సరే, కట్టించుకుని ఏం నేర్పుతున్నాం? సిలబస్ డిసెంబరుకల్లా అయిపోతుంది, కొన్నిచోట్ల దసరాకే. తర్వాతంతా రివిజన్లు, వీకెండ్ టెస్టులు. మ్యాథ్స్‌లో రెండు మార్కులవి, నాలుగు మార్కులవి, ఏడు మార్కులవి. ప్రతి చాప్టర్‌లో ఇంపార్టెంట్స్, వాటి పక్కన చుక్కలు. మూడు చుక్కలుంటే ఈసారి తప్పక వస్తుందని అర్థం. రెండో భాషగా తెలుగు వదిలి సంస్కృతం తీసుకున్నవాళ్లు బోలెడు, దాంట్లో మార్కులు సులువుగా పడతాయని. బోధన్ అంగట్లో ఒకే కూరగాయల బండి దగ్గర తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినపడతాయి. ఆ ఊరి పిల్లలు కూడా మార్కుల కోసం ఆ మూడింటినీ పక్కన పెట్టి నాలుగో భాష చదువుతున్నారు.

ఇక ఎంసెట్. పేరు ఈఏపీసెట్ అయింది గానీ మా నోళ్లకు ఇంకా ఎంసెటే. మూడు గంటల్లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు నిమిషం చిల్లర. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో మిగిలినవాటికి ఏదో ఒకటి నొక్కి రావాలి. అందుకే కోచింగులో మొట్టమొదట నేర్పేది ప్రశ్నను వదిలేయడం. నిమిషంలో దారి దొరక్కపోతే ముందుకు పో, అక్కడే కూర్చోకు. మా అమ్మాయికి ఇది బాగా పట్టుబడింది. దీన్ని ఎగతాళి చేయను. చేతకానిదాన్ని పట్టుకుని వేలాడకపోవడం మంచి గుణమే, నాకది నలభై దాటినా అలవడలేదు. నా దిగులు వేరే. నిమిషంలో తేలని ప్రశ్న పనికిరాదని రెండేళ్లు చేతికి అలవాటు చేసిన పిల్లను, తీరా ఫలితాలొచ్చాక, ఏళ్లు పట్టినా తేలని ప్రశ్న ముందు కూర్చోబెడతాం. ఏం చదువుతావు?

ఆ ప్రశ్నకు జవాబు నెట్ సెంటర్లో తయారవుతుంది. వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఖలీల్‌వాడి వైపు వెళ్తే చూడొచ్చు. చేతిలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు, టీసీ, బోనఫైడ్‌లు పెట్టుకుని తండ్రి నిలబడతాడు. పక్కన పిల్ల. కంప్యూటర్ ముందు మూడో మనిషి. నిరుటి కటాఫ్‌లు చూసి ఆ కాలేజీ తర్వాత ఈ కాలేజీ అని వరుసగా కొట్టుకుంటూ పోతాడు. వంద దాకా కొడతాడు. ఏ బ్రాంచిలో ఏం చెబుతారని పిల్ల అడగదు, తండ్రికి తెలియదు, ఆ మూడో మనిషికి అవసరం లేదు. ఫ్రీజ్ చేశాక మార్చుకోవడానికి లేదు. జవాబులు నేర్చుకోవడానికి రెండేళ్లు తీసుకున్నాం, ప్రశ్నకు ఒక రాత్రి కూడా పూర్తిగా ఇవ్వలేదు.

తండ్రి మాత్రం ఏం చేస్తాడు? తనకు తెలిసిన భవిష్యత్తునే చూపిస్తాడు. పరీక్షకు పాత ప్రశ్నపత్రాలు పనికొస్తాయి, ఎందుకంటే పరీక్ష తనను తాను తిరిగి రాసుకుంటుంది. కాలం అలా రాసుకోదు. మా జిల్లాకు ఇది కొత్త పాఠం కాదు. 1918లో మొదలైన ఉస్మానియాలో ఉర్దూలో పైచదువులు చెప్పారు. సర్కారు కొలువు కావాలంటే ఉర్దూ రావాలి, పిల్లల్ని దానికే తయారుచేశారు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయాక ఆ తయారీ అంతా ఏమైందో మా పెద్దవాళ్లకు తెలుసు. తర్వాతి తరానికి శక్కర్‌నగర్ దొరికింది. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ కట్టడం పూర్తయింది, కాలువ నీళ్లొచ్చాయి, చెరకు వచ్చింది, ముప్పైల చివర బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. ఫ్యాక్టరీలో పేరెక్కితే క్వార్టరు, పిల్లలకు బడి, జబ్బుకు ఆస్పత్రి. నా చిన్నప్పుడు "ఏం చదువుతావ్" అన్న ప్రశ్నకు ఐటీఐ ఫిట్టరు అని చెబితే పెద్దవాళ్లు మెచ్చుకునేవాళ్లు. అది తెలివితక్కువ సలహా కాదు, ఆ రోజున అంతకంటే గట్టి సలహా లేదు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు చేలు చాలావరకు వరి మడులయ్యాయి. ఇప్పుడు సలహా సీఎస్‌ఈ. రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్సు, దాని పిల్ల బ్రాంచిలే. సలహా మారింది గానీ దాన్ని చెప్పే గొంతులోని ధీమా మారలేదు.

మా మేనమామ ఆ ఫ్యాక్టరీలో పాన్‌మన్. మూతపడడానికి చాలా ఏళ్ల ముందే రిటైరయ్యాడు. నాలుగో తరగతి దాకా ఉర్దూ, తర్వాత తెలుగు, ఆ తర్వాత చదువే లేదు. రసం కాచి చిక్కబరచిన పాకం పెద్ద పాన్‌లో ఉడుకుతుంటే ఎప్పుడు గింజ కట్టిందో, ఎప్పుడు దించాలో చెప్పడం ఆయన పని. కొంచెం బయటికి తీసి గాజు పలక మీద పరిచి దీపానికి అడ్డం పెట్టి చూసేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి తీగ చూసేవాడు. క్రషింగ్ సీజన్లో మూడు షిఫ్టులు, రాత్రీ పగలూ అదే. మొన్న బోధన్ పోయినప్పుడు మా అమ్మాయి అడిగింది.

"తాతా, టైం చూసి దించొచ్చు కదా?"

"గడియారం జూసి దించితే ఎట్ల బిడ్డా? ఒకనాటి చెరుకు లెక్క ఒకనాటి చెరుకు ఉండదు. చేతికి తెల్వాలె."

"మరి తప్పయితే?"

"తప్పయితే మళ్ల కరిగియ్యాలె. చక్కెర యాడికి పోతది? టైమే పోతది."

"మాకు ఆ టైమే లేదు తాతా, నిమిషానికొక ప్రశ్న."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం ఆ "చేతికి తెల్వాలె" దగ్గరే ఆగిపోయాను. ఆయన పనిని పొగడడం నా ఉద్దేశం కాదు. ఆ పనీ చెమట తాగిందే, ఆయన కొడుకులెవరూ దాన్ని కోరుకోలేదు, ఒకరు దుబాయిలో ఉన్నారు, ఒకరు హైదరాబాద్‌లో. నన్ను పట్టుకున్నది ఒక్కటే. ఫ్యాక్టరీ ఉంటుందా పోతుందా అన్నది ఆయన చేతిలో ఎప్పుడూ లేదు. ముందున్న పాకాన్ని చూడడం మాత్రం ఉండేది. కాలేజీకి తయారవడమంటే ఇరవై ఏళ్ల తర్వాత ఏముంటుందో సరిగ్గా ఊహించడమే అయితే అది ఎవరివల్లా కాదు. తను దేని ముందు ఎంతసేపు విసుగు లేకుండా కూర్చోగలదో ఆ పిల్లకు తెలియడం మాత్రం సాధ్యమే. దానికి ఈ ఏడాదిలో ఒక్క పీరియడూ కేటాయించలేదు.

అందరికీ ఇంత మీమాంస అందుబాటులో ఉండదన్నదీ నిజం. అమ్మాయి క్లాసులో ఆర్మూరు వైపు నుంచి వచ్చే పిల్లలున్నారు. పసుపు జూన్‌లో పెడతారు, జనవరి దాటితే తవ్వుతారు. అచ్చంగా ఇంటర్ ఏడాదే. ఇక్కడ ప్రాక్టికల్స్ జరుగుతుంటే అక్కడ కొమ్ములు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, యార్డుకు తోలడం. ఇంటిల్లిపాదీ కళ్లంలో ఉన్నప్పుడు "నీకు ఏది ఇష్టం" అన్న ప్రశ్న వేళాకోళంలా వినిపిస్తుంది. అక్కడ లెక్క ఫీజుది. ర్యాంకు పదివేల లోపు వస్తే బీసీ పిల్లలకు సర్కారు మొత్తం ఫీజు కడుతుంది. దాటితే ఏడాదికి 35,000, మిగిలింది ఇంటి మీద. ఇక్కడి గిరిరాజ్ కాలేజీలో డిగ్రీయా, హైదరాబాద్‌లో ఇంజనీరింగా అన్నది ఆ ఏడు పసుపు ధరే తేల్చేస్తుంది కొన్ని ఇళ్లలో. అలాంటి పిల్లకు ప్రశ్న అడిగే తీరిక ఇవ్వలేని ఊరు, ఇష్టాన్ని గురించి వ్యాసాలు రాయడం కొంచెం సిగ్గుచేటే. రాస్తూనే ఆ మాట ఒప్పుకుంటున్నాను.

మా ఇంట్లో చేయగలిగింది మాత్రం మొదలుపెట్టాం. వీకెండ్ టెస్టు అయిపోయిన ఆదివారం సాయంత్రాలు జేఎన్‌టీయూ మొదటి ఏడాది సిలబస్‌లు, తెలంగాణ యూనివర్సిటీ డిగ్రీ సిలబస్‌లు తెరిచి చూస్తున్నాం. కాలేజీల పేర్లు కాదు, లోపల ఏం చెబుతారో. ఇంజనీరింగ్ డ్రాయింగ్ పేజీ చూసి "నా వల్ల కాదు డాడీ" అంది. స్టాటిస్టిక్స్ దగ్గర అరగంట కూర్చుంది, తనకు తానే ఒక లెక్క వేసుకుంది, తప్పు చేసింది, మళ్లీ వేసింది. వీటిలో దేనికి ఉద్యోగం వస్తుందని మా ఆవిడ అడుగుతుంది. "మొదట ర్యాంకు రానియ్యండి, తర్వాత చూసుకోవచ్చు ఈ ముచ్చట్లు" అంటుంది. పదివేల గీత సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆమెతో వాదించడం కష్టం.

నోటుబుక్కు చివరి పేజీలో పిల్ల పెన్సిలుతో మూడు కోర్సులు రాసుకుంది, ఒకదానికొకటి పొంతన లేనివి. వాటి పైన మా ఆవిడ సీఎస్‌ఈ అని చేర్చింది, పెన్నుతో.