లస్కరు లెక్క

సోమశిల కాలవ మీద ముప్పై ఏళ్ళు లస్కరుగా చేశాను. కట్టలో ఎలకబొక్క కనిపిస్తే గంపెడు మట్టితో పూడ్చేవాణ్ణి. దానికెవరూ దండ వెయ్యలేదు. తెగని కట్టను చూసేదెవరు?

పోయినేడు నాకు బైపాస్ చేశారు. రొమ్ము ఎముకను రంపంతో నిలువునా కోసి, పనయ్యాక స్టీలు తీగలతో బిగించారు. నాకు గుర్తున్నవి మాత్రం అంతకుముందు చేసిన చిన్న పనులే. ఛాతీ వెంట్రుకలు నేనే గీసుకుంటా, రేజరివ్వమంటే నర్సమ్మ కసిరింది: "గాట్లలో క్రిములు చేరతాయి పెద్దాయనా, క్లిప్పరే!" ముక్కులో మందు పూసింది. గాయానికి చీము పట్టించే స్టెఫైలోకాకస్ ముగ్గురిలో ఒకరికి ముక్కులోనే కాపురం ఉంటుందట. కోతకు ముందు గంటలోపే యాంటీబయాటిక్ సూది. నా షుగరు సరేసరి, గంటగంటకీ చూశారు.

పక్క మంచం ఆయనకు చీము పట్టింది. మళ్ళీ థియేటరు, వారాల తరబడి మందులు, రెండు బర్రెలు అమ్ముకున్నారు. ఆరోగ్యశ్రీ 2007లోనే వచ్చింది గానీ, తోడున్న కొడుకు పోగొట్టుకున్న కూలి ఏ కార్డిస్తుంది?

"పూర్వజన్మ కర్మ" అన్నాడాయన. నాకు నోరు రాలేదు. ముక్కులో క్రిమి కర్మయితే ఆ ట్యూబు మందేమిటి, ప్రాయశ్చిత్తమా? అన్నీ చేసినా కొందరికి చీము పడుతుంది. అక్కడ దేవుడికి చోటు వదులుతాను, అంతకుముందు కాదు.

ఊరికొచ్చాక సోమేశ్వరుడికి తలనీలాల మొక్కు తీర్చాను. నీళ్ళు చల్లుకుని కూర్చున్నాక, ఎన్నడూ లేనిది, వెనక్కి తిరిగి అడిగాను: "అబ్బయా, బ్లేడు కొత్తదేనా?"