ఊడ్చిన ఇల్లు

అటకలు దులిపి, పెట్టెలు దింపి, పనికిరాని వస్తువులను వెలుపల వేయుట గృహస్థులందరు నెరిగిన కృత్యమే. వస్తువు అవసరముగా ఇంటిలో ప్రవేశించును, అలవాటుగా నిలిచిపోవును, తుదకు ఇంటివానికే చోటు లేకుండ చేయును. మనస్సు విషయమును ఇట్టిదే. కావుననే క్రైస్తవ సాధకులు హృదయమును గృహముతో పోల్చి, పశ్చాత్తాపమును ఆ గృహశుద్ధిగా భావించిరి. కాని ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది: ఖాళీ చేయుటయే శుద్ధి యగునా?

మత్తయి సువార్త 12వ అధ్యాయమున ఏసుక్రీస్తు చెప్పిన దృష్టాంత మొకటి కలదు. ఒక మనుష్యుని విడిచిపోయిన దుష్టశక్తి ఎచటను విశ్రాంతి గానక తన పాత నివాసమునకే తిరిగివచ్చెను. ఆ యిల్లు చక్కగా ఊడ్చి తీర్చిదిద్దబడి యున్నది. కాని లోపల నెవరును లేరు. అంతట అది తనకంటె క్రూరములగు మరి యేడు శక్తులను పిలుచుకొనివచ్చి అచట కాపురము పెట్టెను. ఆ మనుష్యుడు మునుపటికంటె దుర్దశపాలయ్యెను. ఇందు చీపురు చేసిన తప్పు లేదు. యజమాని లేకుండుటయే తప్పు. యజమాని లేని ఇల్లు ఎంత పరిశుభ్రమైనను దారినపోవువారికి విడిదియే యగును.

ఐగుప్తు దేశపు మహాతపస్వి యగు ఆంతోని (సుమారు 251-356) చరిత్రము ఈ విషయమునే విశదీకరించును. తల్లిదండ్రులు గతించిన కొలదికాలమునకు, ధనిక యువకునికి క్రీస్తు చేసిన ఉపదేశమును దేవాలయమున విని, అతడు పిత్రార్జితమగు భూమిని గ్రామస్థుల కిచ్చివేసెను. సామగ్రి నమ్మి, చెల్లెలి కొరకు కొంత యుంచి, తక్కినది బీదలకు పంచెను. రేపటి చింత వలదను బోధ చెవినిబడగా ఆ మిగిలినదానిని సైతము పంచిపెట్టి, చెల్లెలిని భక్తురాండ్రగు కన్యల సంరక్షణమున నుంచెను. ఇల్లు ఖాళీ అయినది. కాని శాంతి వెంటనే లభింపలేదు. విడిచిన ఆస్తి, చెల్లెలిని గూర్చిన చింత, బంధుప్రీతి, కీర్తికాంక్ష తలపులై వచ్చి అతనిని బాధించినట్లు చరిత్రకారుడగు అథనేషియసు వ్రాసెను. ప్రార్థన, ఉపవాసము, చేతిపని - వీనితో నాతడు ఆ శూన్యమును నింపుకొనవలసివచ్చెను.

ఐగుప్తు ఎడారి మునుల సాంగత్యము చేసి, పిమ్మట మార్సేల్ నగరమున మఠములు నెలకొల్పిన కాసియనుడు మరింత సూక్ష్మమగు విషయమును గమనించెను. విస్తారమగు భూములను, వెండి బంగారములను తృణప్రాయముగా విడిచిన కొందరు సన్యాసులు ఒక చిన్న కత్తికొరకో, సూదికొరకో, కలముకొరకో కోపోద్రిక్తులగుచుండిరట! వస్తువు మారినది, మమకారము మారలేదు. అందుచేతనే ఆయన తన సంభాషణలలో మూడు త్యాగములను వేరుపరచి చూపెను. మొదటిది ధనాదుల త్యాగము. రెండవది పూర్వపు నడవడికను, దుర్గుణములను విడుచుట. మూడవది కనబడు ప్రపంచమునుండి మనస్సును మరల్చి నిత్యవస్తువునందు నిలుపుట. మొదటిదానికి ఒక దినము చాలును. రెండవదానికి ఆయుష్కాలము పట్టును. మూడవది లేనిచో మొదటి రెండును నిలువవు. మన శాస్త్రములు అపరిగ్రహమును సాధనకు మెట్టుగా చెప్పెనే గాని గమ్యముగా చెప్పలేదు. పరతత్త్వదర్శనము లేనిదే విషయములందలి రుచి నశింపదని గీత బోధించుటకును కారణ మిదియే.

నేడు పలువురు ఇల్లు తేలికపరచుకొనుటను ఒక వ్రతముగా నాచరించుచున్నారు. మంచిదే. కాని పాతదానిని పారవేయుట క్రొత్తది కొనుటకే యైనచో, ఆ యేడు శక్తులకు ఆహ్వానము పంపినట్లే. తొలగించిన వస్తువు ఎవరికి చేరుచున్నదను ప్రశ్నయు నున్నది. పెట్టెలో మూలుగుచున్న వస్త్రము నిజమునకు వస్త్రహీనునికి చెందినదని 4వ శతాబ్దమున కైసరియా ధర్మాధ్యక్షుడగు బేసిలు బోధించెను. ఈ దృష్టితో చూచినపుడు ఇచ్చుట దయ గాదు, బాకీ తీర్చుట. బాకీ తీర్చినవానికి గర్వించుటకు తావెక్కడిది? త్యాగము వెనుక నక్కియుండు అహంకారమునకు ఇంతకంటె మంచి మందు లేదు.

1886 డిసెంబరు 24వ తేది రాత్రి ఆంట్‌పూరు గ్రామమున ధుని చుట్టు కూర్చున్న శ్రీరామకృష్ణుల శిష్యులకు నరేంద్రుడు ఏసు చరిత్రమును వినిపించెను. వారు సన్యాస సంకల్పము గావించిరి. ఆ రాత్రి క్రిస్మస్ ముందురాత్రి యని వారికి పిమ్మట తెలిసినది. వారు ఇండ్లు విడిచిరి. కాని హృదయములను శూన్యముగా విడువలేదు. అందు భగవంతుని నిలిపిరి. 1897లో స్థాపితమైన రామకృష్ణ మిషను సేవారూపమున లోకమునకు తెరచిన ద్వారము ఆ నిండుదనమునుండి ఏర్పడినదే.

కావున ఇల్లు ఊడ్చుటకు పూనుకొనువాడు, ఏ వస్తువును తీసివేయవలెనను విచారముతో పాటు, ఎవరిని పిలిచి కూర్చుండబెట్టవలెనను విచారమును చేయవలెను. అతిథి వచ్చుచున్నాడని తెలిసిన గృహిణికి ఏ మూల ఊడ్వవలెనో ఒకరు చెప్పనక్కరలేదు.