వాడి కర్మ సరే, మరి మన కర్మ?

కర్మ సిద్ధాంతం గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. పుట్టుకతోనే చెవులు వినపడని పిల్లాడు ఏ పాపం చేశాడని?

శ్రీకాకుళం వైపు మా బంధువుల ఊళ్లో అలాంటి పదేళ్ల బాబు ఉన్నాడు. వాణ్ని చూసి ఒక మామ్మగారు "పాపం గుంటడు, ఏ జన్మలో ఏటి సేసుకున్నాడో" అంది. ఆవిడ మనసు మంచిదే, వాడి చేతిలో అరటిపండు కూడా పెట్టింది. కానీ ఆ మాటతో అందరూ వాడి సంగతి వదిలేశారు. తర్వాత నేను అడిగితే తెలిసింది, వాడు ఊళ్లో సర్కారు బడికే వెళ్తాడట. ముందు బెంచీలో కూర్చుని బోర్డు మీద ఉన్నదంతా రాసుకుంటాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. రాసినదాంట్లో ఒక్క వాక్యం కూడా వాడికి అర్థం కాదు.

గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే కర్మ గతి చాలా లోతైనదని చెప్తాడు. మనమేమో ఎదుటివాడి పూర్వజన్మ ఫైలు ఓపెన్ చేసి చదివేసినట్టు మాట్లాడతాం. నా దృష్టిలో కర్మ సిద్ధాంతం ఉన్నది నా పనులకి నేను లెక్క చెప్పుకోవడానికి. పక్కవాడి మీద తీర్పు చెప్పడానికి కాదు.

ఈ విషయంలో నాకు విజయనగరం సంగీత కళాశాల గుర్తొస్తుంది. 1919లో విజయరామ గజపతిరాజు గారు పెట్టారు. ఆయన కొలువులో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, ఆ అబ్బాయికి సంగీతం నేర్పించడానికే ఆ బడి మొదలైందని చెప్తారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి కూడా చూపు సరిగా ఉండేది కాదు. తర్వాత ఘంటసాల, సుశీల అక్కడే చదువుకున్నారు. ఒక్క పిల్లాడి కోసం పెట్టిన బడి ఎంతమందికి పనికొచ్చిందో చూడండి!

కానీ అతను కొలువులో ఉద్యోగి కొడుకు. కూలికెళ్లేవాళ్ల కొడుకైతే రాజుగారి దాకా కబురు వెళ్లేదా? అందుకే చట్టం కావాల్సి వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు చదువు ఉచితం. దగ్గర్లోని మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది వాళ్ల ఇష్టం. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు కూడా ఉన్నాయి.

ఏ బడి మంచిదంటే అందరికీ ఒకే జవాబు లేదు. చక్రాల కుర్చీలో ఉండే పాపకి ఊరి బడే మంచిది, ర్యాంపు, సరైన బాత్రూమ్ ఉంటే చాలావరకు సరిపోతుంది. వినపడని పిల్లాడికి మాత్రం ముందు భాష కావాలి. సైగల భాష అంటే మనం గాల్లో చేతులు ఊపడం కాదు, దానికి సొంత వ్యాకరణం ఉంది. ఢిల్లీలో 2015లో పెట్టిన సంస్థ పదివేల పదాల నిఘంటువు కూడా తయారుచేసింది. ఊరి బడిలో సైగలు వచ్చిన టీచర్ లేనంతకాలం, సైగలతో మాట్లాడుకునే పిల్లలున్న ప్రత్యేక బడే నయమని నాకనిపిస్తుంది. ఆరేళ్లకే అమ్మని వదిలి హాస్టల్‌కి వెళ్లడం చిన్న విషయమేం కాదు, అది కూడా నిజమే.

ఆ బాబుని వాళ్లమ్మ ఏటా రథసప్తమికి అరసవల్లి తీసుకెళ్తుంది. వాడు సూర్యనారాయణ స్వామికి బుద్ధిగా దండం పెడతాడు. కానీ ఆ స్వామి ఎవరో వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పే భాష ఇంట్లో ఎవరికీ రాదు. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది శ్రవణం. చెవి లేదని వీడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవాలా? భగవంతుడి కథ మనసుకి చేరడమే శ్రవణం అయితే, అది కళ్లలోంచి ఎందుకు వెళ్లకూడదు?

మన ఛానల్ వీడియోలకి ఇకపై తెలుగు సబ్‌టైటిల్స్ నేను టైప్ చేస్తున్నాను. చదవగలిగే వాళ్లకి పనికొస్తాయి. వాడు ఇంకా చదవలేడు. భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని చెప్పమని వాళ్లమ్మ అడిగింది, ఈ వారం ఫోన్ చేసి కనుక్కోవాలి.